కరెంటు తీగ పక్కన కదిలే ఎలక్ట్రాను: సాపేక్షతతో లెక్క వేస్తే బలం సున్నా వస్తోంది, తప్పెక్కడ?

చుట్టతీగ అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. ఒక పొడవాటి నిటారు రాగి తీగ. ఇంటి వైరింగులో లైట్లకు వేసే 1 చదరపు మిల్లీమీటరు సైజుది. అందులో 10 ఆంపియర్ల కరెంటు పోతోంది. తీగకు 1 సెం.మీ. దూరంలో ఒక ఎలక్ట్రాను, తీగలోని ఎలక్ట్రాన్లు పోయే దిశలోనే, వాటి డ్రిఫ్ట్ వేగంతోనే (కరెంటుగా సగటున ముందుకు జరిగే వేగంతోనే) పోతోంది అనుకుందాం.

ల్యాబ్ ఫ్రేములో, అంటే తీగ నిలిచి ఉన్న చోటి నుంచి చూస్తే, తీగ తటస్థం, కాబట్టి విద్యుత్ క్షేత్రం లేదు, ఉన్నది అయస్కాంత బలం ఒక్కటే. ఎలక్ట్రాను ఫ్రేములోకి వెళితే అది కదలడం లేదు, కాబట్టి అయస్కాంత బలం పనిచేయదు. ఆ బలం విద్యుత్ బలంగానే రావాలి. పొడవు సంకోచం వల్ల ధన అయాన్లు దగ్గరపడి, ఎలక్ట్రాన్లు ఎడం జరిగి, తీగకు కొంచెం ధనావేశం వస్తుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. దాన్ని అంకెలతో సరిచూద్దామని పైథాన్‌లో ఇలా వేశాను:

రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఘనపు మీటరుకు 8.5 × 10²⁸. కాబట్టి తీగలో మీటరు పొడవుకు కదిలే ఆవేశం (లామ్డా) 1.36 × 10⁴ కూలుంబ్‌లు. డ్రిఫ్ట్ వేగం వి = 10 ÷ 13,600 = 7.35 × 10⁻⁴ మీ./సె. ఆ తర్వాత గామా (పొడవు, కాలం ఎన్ని రెట్లు మారతాయో చెప్పే గుణకం, 1 ÷ √(1 − వి²/సి²); సి అంటే కాంతి వేగం) కట్టి, అయాన్లకు లామ్డా × గామా, ఎలక్ట్రాన్లకు లామ్డా ÷ గామా, రెండింటి తేడా తీశాను. వచ్చిన జవాబు 0.0.

వేగం మరీ తక్కువ కావడం వల్లనేమోనని, బయటి ఎలక్ట్రానుకు 0.6 సి వేగం ఇచ్చి మళ్ళీ వేశాను. ఈసారి సున్నా కాదు గానీ, ఒక కూలుంబ్‌కు 45,000 న్యూటన్ల దగ్గర వస్తోంది, నాలుగో అంకె నుంచి నమ్మకంగా లేదు. ల్యాబ్‌లో యు × బి (బయటి ఎలక్ట్రాను వేగం × అయస్కాంత క్షేత్రం) వేస్తే మాత్రం 36,000. ఈ రెండు తప్పులకూ కారణం ఒకటేనా, వేర్వేరా?

ఇంకో సందేహం. ఎలక్ట్రాన్లు కదులుతున్నాయి కాబట్టి ల్యాబ్ ఫ్రేములోనే వాటి మధ్య దూరం సంకోచించాలి కదా. అలాంటప్పుడు స్విచ్ వేయగానే తీగకు రుణావేశం రావాలి. ఎందుకు రాదు?

బీటావర్గం

కారణాలు వేర్వేరు. సున్నా రావడం భౌతికశాస్త్రం తప్పు కాదు, దశాంశాలు మిగలకపోవడం.

మీ బీటా, అంటే వి ÷ సి, 2.45 × 10⁻¹². దాని వర్గం 6.0 × 10⁻²⁴. పైథాన్‌లో మామూలు దశాంశ సంఖ్య 64 బిట్లది. అందులో 1 తర్వాత వచ్చే సంఖ్య 1కి 2.2 × 10⁻¹⁶ దూరంలో ఉంటుంది. 1 లోంచి 6 × 10⁻²⁴ తీసేస్తే యంత్రానికి మళ్ళీ 1 గానే కనిపిస్తుంది. గామా సరిగ్గా 1.0 అయిపోయింది, ఆ తర్వాత మీరు చేసింది లామ్డాలోంచి లామ్డాను తీసేయడం. 0.6 సి దగ్గర నాలుగో అంకె చెడిపోవడానికీ మూలం ఇదే: 17,000 పరిమాణం ఉన్న రెండు సంఖ్యల తేడా 2.5 × 10⁻⁸ వస్తోంది, తేడా తీసేలోగా పన్నెండు అంకెలు కొట్టుకుపోయాయి.

తీసివేతను కంప్యూటరుకు వదలకుండా కాగితం మీదే పూర్తి చేయండి. గామా − 1/గామా = గామా × బీటా². ఇందులో తీసివేతే లేదు. అప్పుడు

తీగ మీద నికర ఆవేశం = లామ్డా × గామా × బీటా² = 1.36 × 10⁴ × 6.0 × 10⁻²⁴ = 8.2 × 10⁻²⁰ కూలుంబ్‌/మీ.

ఒక ఎలక్ట్రాను ఆవేశం 1.6 × 10⁻¹⁹ కాబట్టి, ఇది మీటరు తీగకు సగం ఎలక్ట్రాను. అంత కొంచెంతో క్షేత్రం ఎంత వస్తుందో చూద్దాం. తీగ నుంచి ఆర్ దూరంలో విద్యుత్ క్షేత్రం 1.8 × 10¹⁰ × (మీటరుకు ఆవేశం) ÷ ఆర్. అంటే 1.8 × 10¹⁰ × 8.2 × 10⁻²⁰ ÷ 0.01 = 1.47 × 10⁻⁷ వోల్టు/మీ.

ల్యాబ్ వైపు: బి = 2 × 10⁻⁷ × 10 ÷ 0.01 = 2 × 10⁻⁴ టెస్లా. వి × బి = 7.35 × 10⁻⁴ × 2 × 10⁻⁴ = 1.47 × 10⁻⁷. రెండూ కలిశాయి.

"10⁻²⁴ అంత చిన్న సంఖ్య నిజంగా బలం పుట్టించగలదా" అని చాలామందికి నమ్మకం కుదరదు. పుట్టించేది 10⁻²⁴ ఒక్కటే కాదు, దాన్ని గుణిస్తున్న 13,600 కూలుంబ్‌లు కూడా. అయాన్లే లేకుండా, ఒక్కో మీటరుకు 13,600 కూలుంబ్‌ల ఎలక్ట్రాన్లు మాత్రమే ఉన్న రెండు తీగలను 1 సెం.మీ. ఎడంలో పెట్టామనుకోండి. వాటి మధ్య వికర్షణ మీటరుకు 3.3 × 10²⁰ న్యూటన్లు. అయాన్లు దాన్ని పూర్తిగా కొట్టేస్తున్నాయి కాబట్టి మనకు దాని ఊసే తెలియదు. ఆ బలాన్ని 6.0 × 10⁻²⁴ తో గుణిస్తే మీటరుకు 0.002 న్యూటన్లు. 10 ఆంపియర్ల తీగలు రెండు 1 సెం.మీ. దూరంలో ఒకదాన్నొకటి లాక్కునే బలం, ఏ పాఠ్యపుస్తకం సూత్రంతో వేసుకున్నా, సరిగ్గా ఇదే. మీటరు తీగ మీద సుమారు 0.2 గ్రాముల బరువంత.

కాగితం మీద సరళం చేయడం కుదరని లెక్కలకు ఎంపీమ్యాథ్ లాంటి లైబ్రరీలో 50 అంకెలు పెట్టుకోండి. గామాను మాత్రం మామూలు వర్గమూలంతో కట్టి దానికి అందించకండి. అప్పటికే అది 1.0 అయి ఉంటుంది, 50 అంకెలు పెట్టినా పోయినవి తిరిగి రావు.

చతుర్వెక్టర్

45,000, 36,000 రెండూ సరైన అంకెలే. ఒకటి ఎలక్ట్రాను ఫ్రేములోని బలం, ఇంకొకటి ల్యాబ్ ఫ్రేములోని బలం. నేరుగా పోల్చకూడదు. నిష్పత్తి 1.25 వచ్చింది, 0.6 సి కి గామా కూడా 1.25.

ఎందుకంటే, కదలికకు అడ్డంగా ఉన్న ద్రవ్యవేగం ఫ్రేము మారినా మారదు. కాలం మాత్రం మారుతుంది: ఎలక్ట్రాను గడియారంలో ఒక సెకను గడిస్తే ల్యాబ్‌లో 1.25 సెకన్లు. బలం అంటే ద్రవ్యవేగంలో మార్పును కాలంతో భాగించడమే కాబట్టి, అడ్డంగా పనిచేసే బలం ల్యాబ్‌లో గామా వంతు తగ్గుతుంది. 45,000 ÷ 1.25 = 36,000. కదిలే దిశలోనే పనిచేసే బలానికి ఈ భాగహారం ఉండదు, అది రెండు ఫ్రేముల్లోనూ ఒకటే. ఈ తేడా మరచిపోతే తర్వాతి లెక్కల్లో మళ్ళీ తడబడతారు. డ్రిఫ్ట్ వేగం దగ్గర గామా 1 నుంచి కదలదు కాబట్టి అక్కడ ఈ పొరపాటు బయటపడదు. 0.6 సి తో సరిచూడటం మంచి అలవాటు.

మీకు 45,000 వచ్చిందంటే వేగాలను సరిగానే కలిపారన్నమాట. ఇక్కడ మామూలుగా జరిగే తప్పు వేరు. బయటి ఎలక్ట్రాను వేగం యు, తీగలోని ఎలక్ట్రాన్ల వేగం వి అయితే, సాపేక్ష వేగాన్ని యు − వి అని నేరుగా తీసేస్తారు. వి ఎంత చిన్నదైనా అది కుదరదు, ఎందుకంటే మనకు కావలసిన జవాబే వి పరిమాణంలో ఉంది. (యు − వి) ÷ (1 − యువి/సి²) అనే వేయాలి. నేరుగా తీసేస్తే జవాబు గామా² రెట్లు, అంటే 1.5625 రెట్లు పెరిగి 70,300 దగ్గరకు పోతుంది. ఎవరికైనా ఆ సంఖ్యగానీ, దాన్ని 1.25 తో భాగించిన 56,250 గానీ వస్తే తప్పు ఇక్కడే వెతకండి.

అసలు అయాన్లనూ ఎలక్ట్రాన్లనూ విడివిడిగా సంకోచింపజేయడం చుట్టుదారి. ఆవేశ సాంద్రత, కరెంటు సాంద్రత కలిసి ఒక నాలుగు అంగాల వెక్టర్. కాలం, దూరం ఎలా మారతాయో అవీ అలాగే మారతాయి:

కొత్త ఆవేశ సాంద్రత = గామా × (పాత ఆవేశ సాంద్రత − యు × కరెంటు సాంద్రత ÷ సి²)

తీగ ల్యాబ్‌లో తటస్థం, కాబట్టి మొదటి పదం సున్నా. మీటరుకు ఆవేశం = −గామా × యు × ఐ ÷ సి² (ఐ అంటే కరెంటు). ఎలక్ట్రాన్లు కరెంటుకు ఎదురు దిశలో పోతాయి కాబట్టి యు రుణాత్మకం, తీగ ధనావేశంగా కనిపిస్తుంది, ఎలక్ట్రానును లాక్కుంటుంది. 0.6 సి కి 1.25 × 0.6 × 10 ÷ (3 × 10⁸) = 2.5 × 10⁻⁸ కూలుంబ్‌/మీ. ఇందులో ఎలక్ట్రాన్ల సాంద్రతగానీ డ్రిఫ్ట్ వేగంగానీ లేవని గమనించండి. రాగి అయినా అల్యూమినియం అయినా జవాబు ఒకటే, ఎందుకంటే అయస్కాంత క్షేత్రానికి కావలసింది కరెంటు ఒక్కటే.

చుట్టతీగ

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఇప్పుడు 1.47 × 10⁻⁷, 36,000 రెండూ వచ్చాయి. చతుర్వెక్టర్ గారు చెప్పిన ఒక్క లైనుతో ముప్ఫై లైన్ల కోడు పోయింది.

మూడో సందేహం అలాగే ఉంది. తటస్థం అన్నది ల్యాబ్ ఫ్రేములోనే ఎందుకు? ఇంకోటి కూడా అడుగుతాను: ఈ లెక్కను బట్టి "అయస్కాంతత్వం అంటూ విడిగా ఏమీ లేదు, అది సాపేక్షత వల్ల కనిపించే విద్యుత్ బలమే" అని నోట్సులో రాసుకోవచ్చా?

సర్క్యూట్_సరిహద్దు

తటస్థం ఎక్కడ అన్నది సాపేక్షత చెప్పే విషయం కాదు. సర్క్యూట్ చెబుతుంది.

పొడవు సంకోచం ఒకే వస్తువును రెండు ఫ్రేముల నుంచి చూసినప్పటి మాట. నిలిచి ఉన్న ఎలక్ట్రాన్లను కదిలించినప్పుడు వాటి మధ్య ఎడం ఎంతవుతుందో అది చెప్పదు. ఎలక్ట్రాన్లు గట్టి కడ్డీతో ఒకదానికొకటి బిగించినవి కావు. స్విచ్ వేశాక ల్యాబ్‌లో తీగ ఒక కొస నుంచి ఎన్ని లోపలికి వస్తున్నాయో రెండో కొస నుంచి అన్నే బయటకు పోతున్నాయి. లోపలి లెక్క మారలేదు, ల్యాబ్‌లో ఎడమూ మారలేదు. మారింది ఎలక్ట్రాన్ల సొంత ఫ్రేములోని ఎడం: అది గామా రెట్లు పెరిగింది. 1959లో దేవాన్, బెరాన్ ప్రతిపాదించి, తర్వాత భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన రెండు రాకెట్ల చిక్కుప్రశ్న అచ్చం ఇదే. ఒకే క్షణంలో ఒకే త్వరణంతో బయలుదేరిన రెండు రాకెట్ల మధ్య దూరం నేల మీదివాళ్ళకు మారదు, కానీ వాటి మధ్య కట్టిన దారం తెగుతుంది. ఇక్కడ దారం లేదు, తెగేదేమీ లేదు.

నిజానికి తీగను బ్యాటరీ ధన కొసకు దగ్గరగా ఉంచితే ల్యాబ్‌లోనే దానికి కొంచెం ధనావేశం ఉంటుంది, రుణ కొస వైపు రుణావేశం. తటస్థం అని మనం రాసుకునేది ఒక సరిహద్దు నియమం. వేరే నియమం పెట్టుకుంటే పై సూత్రంలో మొదటి పదం సున్నా కాదు, అంతే.

"ఎలక్ట్రాను ఫ్రేములో తీగకు కొత్తగా ధనావేశం ఎక్కడి నుంచి వచ్చింది, ఆవేశ నిత్యత్వం పోయిందా" అని తర్వాతి ప్రశ్న వస్తుంది. పోలేదు. కరెంటు ఒక చుట్టుగా తిరగాలి, కాబట్టి తిరుగు తీగలో కరెంటు ఎదురు దిశలో ఉంటుంది, దాని మీద అంతే రుణావేశం కనిపిస్తుంది. దీర్ఘచతురస్రపు చుట్టు వేసుకుని చూడండి: పై భుజం మీద యు × ఐ × పొడవు ÷ సి² ధనావేశం, కింది భుజం మీద అంతే రుణావేశం (గామాను 1గా తీసుకున్నాను), మొత్తం సున్నా. రెండు భుజాల మధ్య ఎడంతో గుణిస్తే విద్యుత్ ద్విధ్రువం యు × ఐ × వైశాల్యం ÷ సి². ఐ × వైశాల్యం అంటే చుట్టు అయస్కాంత భ్రామకం. కదిలే అయస్కాంత ద్విధ్రువానికి విద్యుత్ ద్విధ్రువం కూడా ఉంటుందనే సూత్రం ఈ నాలుగు భుజాల లెక్కలోంచే వచ్చేసింది. ఒంటరి అనంత తీగను చూసినంతసేపూ ఇది కనబడదు. అందుకే సందేహం వచ్చిన ప్రతిసారీ చుట్టును మూసి లెక్కపెట్టమంటాను.

చతుర్వెక్టర్

ఆ వాక్యం నోట్సులో రాసుకోవద్దండి. బాగా ప్రచారంలో ఉంది గానీ తప్పు. మీ లెక్కే దాన్ని కాదంటుంది: ఎలక్ట్రాను ఫ్రేముకు వెళ్ళాక అయస్కాంత క్షేత్రం ఎంతుందో వేశారా? గామా × బి. అంటే 2 × 10⁻⁴ టెస్లా అక్కడే ఉంది, 0.6 సి దగ్గరైతే 2.5 × 10⁻⁴ కు పెరిగింది కూడా. ఎలక్ట్రాను నిలిచి ఉంది కాబట్టి దాని మీద పనిచేయలేదు, అంతేగానీ క్షేత్రం మాయం కాలేదు.

ఏ ఫ్రేములోనైనా మాయం చేయగలమా అన్నదానికి రెండు మారని రాశులు జవాబు చెబుతాయి. ఈ అంటే విద్యుత్ క్షేత్రం, బి అంటే అయస్కాంత క్షేత్రం అయితే, ఒకటి ఈ² − సి²బి². రెండోది ఈ, బి ల బిందు లబ్ధం. ల్యాబ్‌లో తటస్థమైన తీగ చుట్టూ ఈ సున్నా, బి సున్నా కాదు. కాబట్టి మొదటి రాశి రుణాత్మకం, ప్రతి ఫ్రేములోనూ రుణాత్మకమే. బి సున్నా అయిన ఫ్రేము ఉంటే అది ధనాత్మకమో సున్నానో అయి తీరాలి. కాబట్టి అలాంటి ఫ్రేము లేదు. ఒంటరి ఆవేశం కదులుతున్నప్పుడు మాత్రం బి ని పూర్తిగా తీసేసే ఫ్రేము ఉంటుంది, ఆ ఆవేశంతో పాటు వెళ్ళేది. రెండు సందర్భాలనూ ఒకటిగా చెప్పడం వల్లే ఆ తప్పు వాక్యం పుట్టింది. ఈ, బి రెండూ ఒకే టెన్సర్ (ఫ్రేము మారినప్పుడు అంగాలన్నీ కలిసి మారే రాశి) ముక్కలు అనండి. 1905 వ్యాసాన్ని ఐన్‌స్టీన్ మొదలుపెట్టింది కూడా అయస్కాంతం, వాహకం జంటతోనే: ఏది కదిలినా కరెంటు ఒకటే వస్తుంటే వివరణలు మాత్రం రెండెందుకు అని. ఒకదాన్ని రెండోదానిలో కలిపేయడం ఆయన ఉద్దేశం కాదు. 1908లో మింకోవ్‌స్కీ ఆ రెండింటినీ నాలుగు కొలతల్లో ఆరు అంగాల ఒకే రాశిగా రాశాడు.

టెన్సర్‌తో కోడు రాస్తే ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే తర్వాత మీరు అక్కడికే వస్తారు. రెండు సూచికలూ పైనున్న నాలుగు-నాలుగు మాత్రికను బూస్ట్ చేయాలంటే (కదిలే ఫ్రేములోకి మార్చాలంటే; ఎఫ్ ఆ మాత్రిక, ఎల్ ఫ్రేము మార్చే మాత్రిక) ఎల్ × ఎఫ్ × (ఎల్ ట్రాన్స్‌పోజ్). ఆపరేటర్లకు అలవాటైనట్టు ఎల్ × ఎఫ్ × (ఎల్ విలోమం) వేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. అది ఒక సూచిక పైన, ఒకటి కింద ఉన్న రూపానికి మాత్రమే. తప్పు వేశారో లేదో మాత్రికే చెబుతుంది. వికర్ణానికి అటూ ఇటూ ఉన్న జతలు పరిమాణంలో సమానంగా, గుర్తులో వ్యతిరేకంగా ఉండాలి. విలోమంతో వేస్తే, వై దిశలోని విద్యుత్ క్షేత్రాన్ని ఎక్స్ దిశలో బూస్ట్ చేసినప్పుడు ఎక్స్-వై, వై-ఎక్స్ స్థానాల్లో ఒకే గుర్తుతో ఒకే సంఖ్య వస్తుంది. వెంటనే ఆపేయండి.

కోడును సరిచూసుకోవడానికి కాగితం మీదే తేలే ఉదాహరణ: ఈ వై దిశలో 3, సి × బి జెడ్ దిశలో 5, బూస్ట్ ఎక్స్ దిశలో 0.6 సి. కొత్త ఈ = 1.25 × (3 − 0.6 × 5) = 0. కొత్త సి × బి = 1.25 × (5 − 0.6 × 3) = 4. ముందు 9 − 25 = −16, తర్వాత 0 − 16 = −16. మీ కోడు 0, 4 ఇవ్వకపోతే చూడాల్సినవి రెండే: మాత్రికలో ఈ ని సి తో భాగించారా లేదా (మరచిపోతే 3 × 10⁸ రెట్లు తేడా వస్తుంది, కనిపెట్టడం సులువు), కాలానికి ప్లస్ గుర్తు పెట్టిన పుస్తకం సూత్రాన్నీ మైనస్ పెట్టిన పుస్తకం సూత్రాన్నీ కలిపేశారా (ఇది కష్టం, గుర్తు మాత్రమే మారుతుంది). ఒక్క పుస్తకాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి.

బీటావర్గం

సర్క్యూట్_సరిహద్దు గారి మాటకు ఒక చేర్పు. బ్యాటరీ కొసల వైపు తీగ ఉపరితలం మీద ఉండే ఆ ఆవేశాలు చిన్నవేమీ కావు. రాగి నిరోధకత 1.7 × 10⁻⁸ ఓమ్-మీటర్లు, 1 చదరపు మిల్లీమీటరులో 10 ఆంపియర్లు అంటే తీగ పొడవునా 0.17 వోల్టు/మీ. క్షేత్రం ఉండాలి. మనం లెక్కపెట్టిన 1.47 × 10⁻⁷ కు ఇది పది లక్షల రెట్లకు పైనే. క్షేత్రాలు విడివిడిగా కూడుకునేవి కాబట్టి లెక్క తప్పు కాదు. కానీ డ్రిఫ్ట్ వేగంతో పోయే ఎలక్ట్రాను మీద ఈ బలాన్ని కొలుద్దామని ఎవరైనా కూర్చుంటే తీగ నిరోధం తాలూకు క్షేత్రమే కొలుస్తారు.

తీగ లోపల ఇంకో సూక్ష్మం ఉంది. కదిలే ఎలక్ట్రాన్లను వాటి అయస్కాంత క్షేత్రమే మధ్యకు నొక్కుతుంది. దాన్ని ఆపే విద్యుత్ క్షేత్రం పుట్టేదాకా లోపల ఎలక్ట్రాన్లు బీటా² వంతు ఎక్కువవుతాయి, అంతే ధనావేశం ఉపరితలం మీద మిగులుతుంది. ఫలితంగా తీగ లోపలి భాగం తటస్థంగా ఉండేది ఎలక్ట్రాన్ల ఫ్రేములో, మొత్తం తీగ తటస్థంగా ఉండేది ల్యాబ్‌లో. బయట 1 సెం.మీ. దూరంలో జవాబు ఒక్క అంకె కూడా మారదు.

కొలిచి చూడాలంటే 1,000 వోల్టులతో తరిమిన ఎలక్ట్రాన్ పుంజం తీసుకోండి. వేగం 1.87 × 10⁷ మీ./సె., ఇదే తీగ పక్కన 1 సెం.మీ. దూరంలో యు × బి సుమారు 3,700 వోల్టు/మీ.కు సమానం. గామా 1.002. పుంజం తీగ వైపు వంగడం ఫ్లోరెసెంట్ తెర మీద కంటికే కనబడుతుంది. కరెంటు దిశ తిప్పితే అవతలికి వంగుతుంది. తీగ నిరోధం వల్ల వచ్చే 0.17 వోల్టు/మీ. క్షేత్రం దాని ముందు లెక్కలోకే రాదు.